నేను కోసిన ముగింపు

చాలా ఏళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. ఇవాళ దించుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అదే మంచిది. తెలిసినవాళ్ల ముందు ఈ మాట చెబితే వాళ్ల ముఖాలు చూస్తూ మాటలు మార్చుకుంటాను. ముందే ఒక సంగతి చెప్పేస్తాను. క్షమించమని అడగడానికి రాలేదు. క్షమిస్తే ఏం చేసుకోవాలో కూడా నాకు తెలియదు.

‘నాలుగో షిఫ్టు’ అనే సినిమా. ఆ పేరు నేను మార్చి పెట్టిందే. మనుషుల పేర్లూ మార్చాను. చూసినవాళ్లు ఎలాగూ గుర్తుపడతారు. చివర్లో ఒక ముసలామె మెట్లెక్కి ఇనుప తలుపు మీద అరచెయ్యి ఆనిస్తుంది. తలుపు సందుల్లోంచి వెలుగు గీతలా కనిపిస్తుంది. సైరన్ మోగుతుంది. ఆమె వెనక్కి తిరుగుతుంది, మెట్లు దిగుతుంది, లైన్ చివరికి పోయి నిలబడుతుంది. అంతే, తెర చీకటి. ఆ ముగింపు మీద వ్యాసాలు రాశారు. ఆమె వీపు బొమ్మ టీషర్టుల మీదికెక్కింది. కరీంనగర్‌లో ఒక గోడ మీద మనిషెత్తున వేశారు. ఒకబ్బాయి మోచేతి మీద పచ్చబొట్టు కూడా చూశాను.

ఆ ముగింపు డైరెక్టర్‌ది కాదు. నాది. ఆయన తీసిన అసలు ముగింపును ఆయనకే తెలియకుండా దాచేసి, నేను అతికించింది.

చెప్పేశాను. ఇంత చిన్న వాక్యమా? ఇన్నేళ్లూ నన్ను నిద్రపోనివ్వనిది ఇదేనా?

నాది మంచిర్యాలలో పెళ్లి వీడియోల మిక్సింగ్ పని. తలంబ్రాల మీద గులాబీ రేకులు రాల్చడం, వధూవరుల ముఖాలను లవ్ గుర్తులో ఇరికించడం, అప్పగింతల దగ్గర ఏడుపు పాట పెట్టడం. పుట్టింది బెల్లంపల్లిలో, కంపెనీ క్వార్టర్లలో. మా నాన్నను బాపు అనేవాళ్లం. బొగ్గుబాయిలో, అంటే గనిలో, పనిచేసేవాడు. పోశన్న మా పక్క లైన్ క్వార్టర్లవాడు, నాకన్నా ఏడెనిమిదేళ్లు పెద్ద. ప్రైవేటు స్కూల్లో డ్రాయింగ్ సారు. ఎవరి దగ్గరా సినిమా నేర్చుకోలేదు. ఒకరోజు మా షాపుకొచ్చి, పెళ్లిళ్లకు వాడే కెమెరా అద్దెకు కావాలన్నాడు. ఎవరి పెళ్లన్నా అని అడిగితే, “పెండ్లి గాదు చెల్లె, సిన్మ తీస్తున్న” అన్నాడు. నవ్వాను. ఆయన నవ్వలేదు.

కథ ఇదీ. రాబోయే కాలం. నేల కింద ఒక ఊరు. పైన గాలి చెడిపోయిందని, సూర్యుడు ఆరిపోయాడని చెప్పి జనాన్ని కిందనే ఉంచుతారు. మూడు షిఫ్టులు పని. నిద్రపోవాల్సిన సమయాన్ని నాలుగో షిఫ్టు చేస్తారు. ఆ షిఫ్టులో పనేమిటంటే లైన్లో నిలబడటం. ఎందుకు నిలబడుతున్నారో ఎవరికీ తెలియదు. గేటు దగ్గర గుమాస్తా ఒక్కొక్కరినీ “లైన్ల ఉన్నవా?” అని అడుగుతాడు. “ఉన్న” అనాలి. అంటే ఆ రోజుకు బతికినట్టు. ఒక ముసలామెకు మాత్రం పైన కోడి కూసినట్టు వినిపిస్తుంటుంది. మిగతావాళ్లకు వినిపించదు.

ఆ ముసలామెగా వేసింది పోశన్న తల్లి రాజవ్వ. కొడుకు చెప్పాడని చేసింది గానీ, యాక్టింగ్ అంటే ఏమిటో ఆమెకు తెలియదు. కూలగొట్టగా మిగిలిన పాత క్వార్టర్లలో, మూతపడ్డ ఒక ఆఫీసు గదుల్లో తీశారు. రిటైరైన కార్మికులు, వాళ్ల ఆడవాళ్లు, కూరగాయలమ్మే ఆమె, ఆటో డ్రైవర్లు, వీళ్లే నటులు. సినిమా అంతా రాజవ్వ ముఖానికి మసి పూసుకునే ఉంటుంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకునే మాట్లాడుతుంది.

చివరి సీను మాత్రం లక్సెట్టిపేట దగ్గర గోదావరిలో తీశాడు. రాజవ్వ తలుపు తెరుస్తుంది, బయట ఎండ, నది, ఇసుక. సూర్యుడు ఆరిపోలేదు. ఆమె ఇసుక మీద నడుస్తుంది. అప్పుడొకటి జరిగింది. కథలో లేనిది. తడి ఇసుక అరికాలికి తగిలేసరికి ముసలిది చిన్నపిల్లలా ఎగిరి, కొంగు జారిపోతున్నా పట్టించుకోకుండా కెమెరా వైపు తిరిగి, “అరేయ్, సల్లగున్నదిరా!” అని నవ్వింది. నోట్లో ఉన్న నాలుగు పళ్లూ కనబడేలా. తర్వాత వెనక్కి చెయ్యూపి అందరినీ రమ్మంది. జనమంతా బయటికి పరుగెత్తుకొచ్చారు.

మిక్సింగ్ నేనే చేశాను. కెమెరా కార్డులోంచి నా హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించాక, ఆ కార్డును ఖాళీ చేశాను, మర్నాడు అది ఇంకో పెళ్లికి పోయింది. కాబట్టి ఆ నవ్వు లోకంలో నా దగ్గర తప్ప ఇంకెక్కడా లేదు.

ఆ చివరి సీను నాకు గిట్టలేదు.

ఎందుకో చెప్పాలి. ఇది సాకు కాదు. సాకే అనుకున్నా అభ్యంతరం లేదు. మా బాపు పనిచేసిన బాయి మూతపడ్డాక కూడా ఆయన పొద్దున్నే లేచి స్నానం చేసి, బూట్లేసుకుని, గడప మీద కూర్చునేవాడు. మళ్లీ తెరుస్తారని ఎవరో చెప్పారు. సైరన్ మోగడం ఎప్పుడో మానేసింది. ఆయన చెవి మాత్రం అటే ఉండేది. అమ్మ తిట్టేది, మేం నవ్వేవాళ్లం, తర్వాత నవ్వడం మానేశాం. బయట ఎండ ఉంది, రోడ్డుంది, బస్టాండుంది, ఆయనను ఎవరూ కట్టేయలేదు. అయినా ఆయన ఆ గడప దాటలేదు. అక్కడే పోయాడు. మరి పోశన్న ముసలమ్మ తలుపు తీయగానే జనమంతా ఉరికొస్తారా? ఎవరొస్తారు? ఆ సీను నా కంప్యూటర్‌లో చూసిన ప్రతిసారీ మా బాపును ఎవరో ఎగతాళి చేసినట్టుండేది.

పోశన్నతో ఒకసారి అన్నాను. “అన్న, గిట్ల గాదేమో” అన్నాను. “జనం ఖుషిగ ఇంటికి పోవాలె చెల్లె” అన్నాడు. వాదించలేదు. ఆయన డైరెక్టరు, నేను పెళ్లి వీడియోల దాన్ని.

అప్పుడే వాదించి ఉంటే? తిట్టుకుని, అలిగి, ఆ పని ఇంకెవరికో ఇచ్చేసి ఉంటే? అది నిజాయతీ. నేను చేసింది వేరు.

ఫుటేజీ వెతుకుతుంటే ఒక ముక్క దొరికింది. మెట్ల మీద షూటింగ్ చేసిన రోజు. రాజవ్వ తలుపు మీద చెయ్యి పెట్టి నిలబడింది. పోశన్న “అయిపోయింది, అన్నం తినుండ్రి” అన్నాడు. కెమెరా ఆపడం ఎవరో మరిచారు. రాజవ్వ వెనక్కి తిరిగి మెట్లు దిగి, అన్నం గిన్నెల దగ్గర నిలబడ్డవాళ్ల వెనకాల పోయి నిలబడింది. గిన్నెలు ఫ్రేములో లేవు. వీపులే ఉన్నాయి. నేను ఆ ముక్కను తెచ్చి పెట్టాను. వెనక అప్పటి మాటలు తీసేశాను. సైరన్ కావాల్సి వచ్చింది. బాయి నడిచే రోజుల్లో బెల్లంపల్లిలో తీసిన ఒక పాత పెళ్లి వీడియోలో, తాళి కడుతుండగా సైరన్ మోగింది. దాన్ని తీసుకుని ఇక్కడ అతికించాను. మొదటి నుంచి ఆపకుండా చూశాను. పెళ్లిళ్లు కలుపుకుంటూ బతికిన చేతులివి. మొదటిసారి ఒక నిజం చేశాయి. ఇది అహంకారమా? అవును.

మర్నాడు పోశన్నకు చెప్పాను, హార్డ్ డిస్క్‌లో ఒక భాగం చెడిపోయిందని, గోదావరి సీను మొత్తం పోయిందని. ఉన్నదాంతో ఇలా ముగించానని చూపించాను. ఆయన తల పట్టుకున్నాడు. నా మీద కోప్పడలేదు. “ఏం ఫికర్ జెయ్యకు. వానలు పోయినంక మల్ల తీద్దాం” అన్నాడు.

ఆ వానాకాలంలోనే రాజవ్వ చనిపోయింది. ఒక పూట జ్వరమంది, రెండో పూటకు లేదు.

ఇక్కడి నుంచే అసలు తప్పు. అప్పటిదాకా చేసింది దొంగతనమో, మొండితనమో, ఏదో ఒకటి. మళ్లీ తీసుకునే అవకాశం ఆయనకుంది కదా అని నాకు నేను చెప్పుకున్నాను. ఇప్పుడు ఆ అవకాశం పోయింది. డిస్క్ తీసి, “అన్నా, దొరికింది” అంటే సరిపోయేది. అబద్ధం కూడా బయటపడేది కాదు. నన్ను దేవతలా చూసేవాడు.

కర్మకాండలయ్యాక ఒక మధ్యాహ్నం ఆయన షాపుకొచ్చాడు. గుండు చేయించుకున్నాడు. ప్లాస్టిక్ స్టూల్ మీద కూర్చున్నాడు.

“చెల్లె, గా ఇసుక మీద తీసింది ఒక్క ముక్కన్న దొరుకుతదా?”

“లేదన్న. పోయింది.”

“సిన్మ కోసం గాదు. అవ్వ నవ్వింది ఇంకేడ లేదు. ఫోటోలల్ల సుత మూతి బిగవట్టుకొనే ఉన్నది.”

నేను కీబోర్డు మీద దుమ్ము తుడుస్తున్నాను.

“హైదరాబాద్ల పెద్ద షాపులుంటయట గద. ఆడ సూపిస్తే?”

“సూపిచ్చినన్న. రాదన్నరు.”

“గంతేనా ఇగ?”

“గంతే.”

ఆ డిస్క్ ఆయన మోకాలి పక్కన సొరుగులో ఉంది. లేచి వెళ్తూ, “నువ్వు మస్తు కోషిష్ జేసినవ్ చెల్లె” అని నా తల మీద చెయ్యి పెట్టి వెళ్లాడు.

ఎందుకివ్వలేదు? ఇన్నేళ్లుగా ఈ ప్రశ్నకు రకరకాల జవాబులు తయారు చేసుకున్నాను. భయం అన్నాను. సిగ్గు అన్నాను. అవేవీ కావు. ఆ సీను ఆయన చేతికిస్తే సినిమాలో పెట్టేస్తాడు. చచ్చిపోయిన తల్లి నవ్వును ఎవరు మాత్రం పెట్టుకోరు? అప్పుడు నా ముగింపు పోతుంది. నేను ఆ ముసలామె నవ్వునూ నా కోతనూ పక్కపక్కన పెట్టి చూసి, నా కోతను ఎంచుకున్నాను. తెలిసే ఎంచుకున్నాను.

సినిమా బెల్లంపల్లిలో ఒక థియేటర్‌లో మార్నింగ్ షో పడింది. చివరకు వచ్చేసరికి హాలంతా ఊపిరి బిగబట్టింది. తర్వాత ఒక చెప్పు తెర మీదికి ఎగిరింది. ఇంకొకటి. బయట ఒక రిటైరైన కార్మికుడు పోశన్న కాలర్ పట్టుకున్నాడు. “మేం గంత పిరికోళ్లమారా? కొట్లాడి కొట్లాడి బతికినోళ్లం. మమ్ముల లైన్ల నిలవెడ్తవా?” పోశన్న, “కాక, ఆఖరి ముక్క పోయిందే, అసల్ది గట్ల లేదు” అని చెప్పబోయాడు. ఎవరూ వినలేదు. కార్మిక నాయకులు వచ్చి నినాదాలిచ్చారు. మర్నాడే సినిమా ఎత్తేశారు. స్కూలు వాళ్లు పిల్లల తల్లిదండ్రులు ఒప్పుకోవడం లేదని ఆయన్ని మానిపించారు. ఆయన దుకాణాలకు బోర్డులు రాసుకుంటూ బతికాడు. ఆ చెప్పులు నాకు తగలాల్సినవి. నేను ఆ రోజు హాల్లో వెనక వరసలో కూర్చుని, ఆ నిశ్శబ్దాన్ని మనసులో దాచుకుంటున్నాను.

తర్వాత జరిగింది ఎవరూ ఊహించలేదు. సినిమా ఫోన్లలోకి పాకింది. ఒక మెమరీ కార్డులోంచి ఇంకో దాంట్లోకి, ఒక ఊళ్లోంచి ఇంకో ఊళ్లోకి. గల్ఫ్‌కు పోయిన మనవాళ్లు లేబర్ క్యాంపుల్లో మంచాల మీద గుంపుగా కూర్చుని చూశారట. తెల్లవారకముందే బస్సు కోసం లైన్లో నిలబడే మనుషులు. వాళ్లకు ఎవరూ వివరించాల్సిన పని లేకపోయింది. లైన్లో నిలబడి వీడియో తీసి, వెనకాల నా సైరన్ పెట్టి పంపడం మొదలుపెట్టారు. “లైన్ల ఉన్నవా?” “ఉన్న.” అదొక పలకరింపైపోయింది. ఇక్కడ కాలేజీ పిల్లలు పట్టుకున్నారు. ఒకచోట వాళ్ల షో ఆపించారు. ఆపించాక ఇంకా పెరిగింది. చెప్పులు విసిరిన బెల్లంపల్లిలోనే ఏటా ఒక ఆదివారం హాలు తీసుకుని వేస్తారు. సినిమా అయ్యాక ఎవరూ చప్పట్లు కొట్టరు. అందరూ లేచి, ఒక్క మాట మాట్లాడకుండా, లైన్ కట్టి బయటికి పోతారు. కాలర్ పట్టుకున్న ఆ కాక కూడా చివరి రోజుల్లో ఆ లైన్లో నిలబడ్డాడు. నేను కళ్లారా చూశాను.

పోశన్న ముగింపు అయితే ఆ లైన్ ఉండేదా? ఖుషిగా ఇంటికి పోయేవాళ్లు. పోయి మరిచిపోయేవాళ్లు. ఈ మాట నేను ఎవరి ముందైనా అంటాను.

కరీంనగర్‌లో ఒక సభలో లెక్చరర్ ఒకాయన ఆ షాటు గురించి చాలాసేపు మాట్లాడాడు. రాజవ్వ వీపులో తరతరాల ఓటమి ఉందన్నాడు. పోశన్నకు మైకిచ్చారు. “గది ఓటమి గాదు సార్, అవ్వకు ఆకలైంది, అన్నానికి పోతుంది” అన్నాడు. హాలు పగలబడి నవ్వి చప్పట్లు కొట్టింది. ఎంత లోతుగా చెప్పాడో అన్నారు. ఆయన ఎన్నోచోట్ల నిజం చెప్పి చూశాడు, ముగింపు పోయిందని, ఇది అతుకులదని. వినయం అనుకున్నారు. చివరకు చెప్పడం మానేశాడు. శాలువాలు కప్పించుకుని, తలూపి, వచ్చేసేవాడు. లోకానికంతా వాళ్లమ్మ వీపు తెలుసు. ఆయనకు కావలసింది ముఖం.

నేను అన్ని సభలకూ పోయేదాన్ని. వెనక కూర్చునేదాన్ని. గర్వంగా ఉండేది. ఇంటికొచ్చి అన్నం తినలేకపోయేదాన్ని. రెండూ నిజమే.

ఈ సంవత్సరం ఆ డిస్క్ చప్పుడు చేయడం మొదలుపెట్టింది. లోపల ఏదో గీసుకుంటున్నట్టు. ఈ పనిలో ఉన్నవాళ్లకు ఆ చప్పుడు తెలుసు. నేను చెప్పిన అబద్ధం నిజం కాబోతోంది. ఊరికే కూర్చుంటే చాలు. కొన్నాళ్లకు అది నిజంగానే పోతుంది, అప్పుడు నేను అబద్ధం చెప్పినదాన్నే కాను. ఒక పూటంతా దాన్ని చేతిలో పట్టుకుని కూర్చున్నాను. అంత సులువుగా తప్పించుకోగలనని తెలిశాకే నా మీద నాకు మొదటిసారి అసహ్యం వేసింది. సీను మొత్తం వేరే డిస్క్‌లోకి ఎక్కించి, బెల్లంపల్లి బస్సెక్కాను.

పోశన్న ఇంటి ముందు ఒక మెడికల్ షాపు బోర్డు రాస్తున్నాడు. ఎండ బాగా ఉంది. లోపలికి రమ్మన్నాడు. నేను లాప్‌టాప్ తెరిచి ఆన్ చేశాను. ఇసుక. నీళ్లు. “అరేయ్, సల్లగున్నదిరా!”

ఆయన చేతిలో బ్రష్ అలాగే ఉంది. పచ్చరంగు కారి లుంగీ మీద పడుతోంది.

“ఇంకోపారి పెట్టు” అన్నాడు.

పెట్టాను. మళ్లీ పెట్టమన్నాడు. ఎన్నిసార్లు పెట్టానో.

“ఎప్పుడు దొరికింది?”

“దొరకలేదన్న. పోనే లేదు.”

అర్థం కావడానికి ఆయనకు కొంచెంసేపు పట్టింది. అది ముఖంలో చూడటం కన్నా ఆ చెప్పులు తగలడం నయం. “ఎందుకు?” అన్నాడు. చాలా చిన్నగా.

“గది అబద్ధమనిపిచ్చిందన్న.”

“అవ్వ నవ్వు అబద్ధమా?”

మా బాపు గురించి చెప్పాలనుకున్నాను, గల్ఫ్ క్యాంపుల గురించి, కాక లైన్లో నిలబడటం గురించి. ఏదీ నోట్లోంచి రాలేదు. వచ్చిందల్లా ఇది: “సిన్మకు గదే కరెక్టన్న. ఇప్పటికీ గదే అంట.” ఆ సమయంలో అనాల్సిన మాటేనా అది? అన్నాను. మళ్లీ అడిగినా అదే అంటాను.

ఆయన అరవలేదు. లేచి చేతులు కడుక్కున్నాడు. ఆ సీను ఉన్న డిస్క్ తీసి తువ్వాలలో చుట్టుకున్నాడు.

“అవ్వను నేను తీస్కపోతున్న. సిన్మను నువ్వే ఉంచుకో. ఇగ నా తానికి రాకు.”

వచ్చేశాను. ఆయన ఆ సీనును ఎవరికీ చూపించలేదని విన్నాను. ఈసారి ఆదివారం షోకి రాలేదు. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నారు. సినిమా వేశారు, సైరన్ మోగింది, అందరూ లేచారు. ముందు వరసలో ఆయన కోసం ఉంచిన కుర్చీ చుట్టూ తిరిగి లైన్ కట్టారు. నేను అందులో నిలబడలేకపోయాను. పక్క తలుపు నుంచి బయటికొచ్చాను.

ఇప్పుడు మీరు నన్ను రెండు ముక్కలు చేసి చూడాలనుకుంటారు. తల్లి నవ్వును దాచిన దుర్మార్గురాలు ఒకవైపు, సినిమాను నిలబెట్టిన మనిషి ఇంకోవైపు. ఒకదానికి తిట్టి, ఇంకోదానికి మెచ్చుకుంటే మీకు సులువు. నేనూ ఎన్నాళ్లో అలా విడదీయడానికి ప్రయత్నించాను. కుదరదు. రాజవ్వ విషయంలో నేను చేసింది పాపం. దానికి పరిహారం లేదు, ఆయన నన్ను రావద్దనడం న్యాయం. సినిమా విషయంలో నేను చేసింది సరైనదే, దానికి ఒక్క అంగుళం కూడా తగ్గను. కానీ ఆ రెండూ వేరువేరు పనులు కావు. ఒక్కటే కోత.

అది నాది.